పల్లపు వీధిలో గాలిపెట్టె

బస్‌స్టాండులో నా పై అధికారి నాకు నేర్పిన పాఠం ఒక్కటే. బస్సు ముక్కు గేటులో కనబడేదాకా మైకు ముట్టుకోవద్దు. డ్రైవరు ఫోన్ చేసి వచ్చేశానన్నా, కండక్టరు మలుపులోనే ఉన్నామని ఒట్టేసినా, కంటితో చూడకుండా నోరు తెరవొద్దు. ఆ నియమం ఏనాడూ తప్పలేదు గనకే ఊళ్లో జనం నా గొంతు వినగానే మూటాముల్లె సర్దుకుని లేచేవాళ్లు. నా అసలు పేరుతో ఎవరికీ పనిబడలేదు. అందరికీ నేను మైకమ్మనే.

ఆ వేసవిలో సిమెంటు ఫ్యాక్టరీ నన్ను పనిలోకి తీసుకున్నది కూడా ఆ గొంతు కోసమే. ఫ్యాక్టరీ గొట్టంలోంచి ఆకాశంలోకి పోయే కార్బన్ డయాక్సైడును బయటికి వదలకుండా పట్టి, గట్టిగా నొక్కి, గొట్టాల్లో నడిపించి, నేల అడుగున ఎంతో లోతులో ఉన్న రాతిపొరల్లోకి పంపి అక్కడే ఉంచేస్తారట. ఆ పొరల మీద ఇంకో గట్టి రాయి మూతలా కూర్చుని ఉంటుందట. లోకం వేడెక్కకుండా ఇదో ఉపాయం. దాన్ని లోపలికి దించే బావిని మా వీధి చివర మైదానంలో తవ్వారు. ఇంజనీర్లు చెబితే ఊరు వినడం లేదనీ, నేను చెబితే వింటుందనీ మేనేజరు నమ్మకం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మొదటిరోజే నాకు సామెత చెప్పాడాయన. ఇంటికొచ్చి ఆ మాట అంటే మా అత్తగారు నవ్వారు. నోరు నీది, ఊరు మనది, పని మాత్రం వాళ్లది అన్నారు. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

మా ఆయన అదే ఫ్యాక్టరీలో కంప్రెసరు ఆపరేటరు. అంటే ఆ వాయువును నేలలోకి నెట్టే యంత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన నెట్టాలి, నేను నచ్చజెప్పాలి. మొగుడికీ పెళ్లానికీ కలిపి ఒకే ఉద్యోగం ఇచ్చారని వీధిలో వేళాకోళం చేసేవారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

మాది పల్లపు వీధి. వాన పడితే ఊరి నీళ్లన్నీ మమ్మల్ని పలకరించి గానీ పోవు. ఆ వీధిలోనూ అన్నిటికన్నా పల్లంలో ఉన్నది మా ఇల్లే. అందుకని ఫ్యాక్టరీవాళ్లు గాలిపెట్టెను మా ముందుగదిలో బిగించారు. గోడకే గానీ, నేలకు మూరెడు ఎత్తులో. దాని మీద అంకెలు, పక్కన ఓ పచ్చ లైటు. గాలిలో ఆ వాయువు పెరిగితే పసుపు వెలుగుతుంది, ఇంకా పెరిగితే ఎర్ర లైటు వెలిగి కూత వేస్తుంది. అంత కిందకి ఎందుకు బిగించారని నేను అడిగేలోపే మా పాప జవాబు చెప్పేసింది.

"అది గాలికంటే బరువు కదమ్మా. కిందకే జారుతుంది. మా సైన్సు పుస్తకంలో ఉంది."

అడిగితే తప్ప బరువు మాట ఎత్తొద్దని నాకిచ్చిన శిక్షణలో చెప్పారు. ఇంట్లోనే ఎత్తేశాక ఇంక దాచేదేముంది? ఆ పెట్టె పక్కనే మా అత్తగారి మంచం. ఆవిడకు ఏళ్ల తరబడి ఆయాసం. నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకోవాలి. పెట్టె వచ్చినప్పటినుంచి ఆవిడ రోజంతా దాని అంకెలే చూస్తూ కూర్చునేవారు. పొద్దున్నే మనుషుల మొహం చూడ్డం మానేసి దాని మొహం చూస్తున్నానని విసుక్కునేవారు. విసుక్కుంటూనే చూసేవారు.

బడి హాల్లో మొదటి సభ పెట్టారు. నేను చేయాల్సిన ప్రదర్శన ఒకటుంది. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, చిన్న సిలిండరులోంచి ఆ వాయువును కూజాలోకి నింపి, కూజాను నీళ్లు పోసినట్టు ఆ మంట మీదకి వంచాలి. కంటికి ఏమీ కనబడదు. మంట మాత్రం ఆరిపోతుంది. ఇది మండదు, పేలదు, నిప్పునే ఆర్పుతుంది, ఇక భయం దేనికి అని నేను నవ్వుతూ అడగాలి. ఇంట్లో అద్దం ముందు చాలాసార్లు సాధన చేశాను. హాల్లో కూడా ఒక్క మాట తడబడలేదు. మంట ఆరింది, నేను నవ్వాను, చప్పట్ల కోసం ఆగాను.

ముందువరసలో ఓ తల్లి ఒళ్లో పిల్లను దగ్గరికి లాక్కుంది. అప్పుడు మా పక్కింటి పంపుల బాబాయ్ లేచాడు. బోరు మోటార్లు బాగుచేస్తాడు. మా వీధికి పెద్దదిక్కు, కోపం ముక్కు మీదే ఉంటుంది.

"మా నాన్న బావుల్లో పూడిక తీసేవాడమ్మాయ్. దిగేముందు తాడు కట్టి దీపం దించేవాడు. దీపం వెలిగితే దిగేవాడు, ఆరితే ఆ రోజుకి ఇంటికొచ్చేసేవాడు. ఇప్పుడు నువ్వు అదే దీపం ఆర్పి చూపించి, భయం లేదంటావేంటి?"

నా పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ ఇంజనీరు, కళ్లద్దాలాయన, లేచి, మూతరాయి ఎంత మందమో, ఒకవేళ కాస్త కారినా గాలికి ఎలా చెదిరిపోతుందో, ఎన్ని చోట్ల కనిపెట్టి చూస్తారో ఓపికగా చెప్పాడు. అతను చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఆ వేసవిలో గాలి అన్నది ఎక్కడుంది? ఆకు కదలడం లేదు. జనం అతని మాటలు వినలేదు, బల్ల మీద పొగలు పోతున్న వత్తినే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, మైకమ్మ దీపం ఆర్పిందని. మిగిలిన ఆ కొవ్వొత్తిని సంచిలో వేసుకుని ఇంటికొచ్చాను. పడేయడానికి ఎందుకో మనసొప్పలేదు.

బావిలోకి వాయువు దించే మొదటి రోజు దగ్గరపడుతున్న కొద్దీ మా ఆయన తిండి తగ్గిపోయింది. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, అమ్మనీ పాపనీ ఓ పదిరోజులు మా అక్క ఊరికి పంపుదాం అన్నాడు. సెలవులే కదా అని కూడా కలిపాడు, అదేదో అప్పుడే తట్టినట్టు.

నాకు ఒళ్లు మండింది. మైకమ్మ కూతురు బస్సెక్కిందని తెలిస్తే సాయంత్రానికి వీధంతా ఖాళీ అవుతుందన్నాను. ఊళ్లో ప్రతి గడపా ఎక్కి, మేమూ ఇక్కడే ఉంటున్నాం కదా, మా పిల్లా ఇక్కడే ఉంటుంది కదా అని చెప్పి వచ్చింది నేను. చెప్పడానికి నా దగ్గరున్న గట్టిమాట అదొక్కటే.

"యంత్రం నడిపేది మీరే కదా. మీకే నమ్మకం లేదా?"

"యంత్రం మీద నమ్మకముంది. నేల లోపల ఏముందో నేను చూళ్లేదు," అన్నాడు.

అత్తగారు ముందుగదిలోంచి, నేను ఎక్కడికీ కదలను, నన్ను అడ్డం పెట్టుకుని పోట్లాడుకోకండి, పిల్ల సంగతి మీరే తేల్చుకోండి అన్నారు. మేము తేల్చుకోలేదు. ఆయన చివరికి, నీ ఇష్టం అనేసి వెళ్లిపోయాడు. మా ఇంట్లో అన్ని మాటల్లోకీ బరువైన మాట అది. పాప ఉండిపోయింది.

వాయువు దించే మొదటి రోజు రానే వచ్చింది, మిట్టమధ్యాహ్నం యంత్రం మొదలైంది. మైదానం వైపునుంచి సన్నటి హోరు, చెవుల్లో ఈగ దూరినట్టు. కాసేపటికి పక్కింటావిడ వచ్చి, పెట్టె ఏమంటోందో చూసిపోదామని వచ్చాను అంది. చూసింది గానీ పోలేదు. ఆవిడ వెనక ఇంకొకరు, వాళ్ల పిల్లలు, ఎదురింటి ముసలాయన, పంపుల బాబాయ్ ఇంటిల్లిపాదీ వచ్చారు. ప్రమాదం వస్తే ముందు తెలిసేది ఈ గదిలోనే గనక అందరికీ ఇక్కడే ఉండాలనిపించింది. మేనేజరు ఫోన్ చేస్తే చెప్పాను. జనానికి పెట్టె మీద నమ్మకం కుదిరిందన్నమాట, చాలా మంచిది అని సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను.

బాబాయ్ ఊరుకునే మనిషి కాదు. బరువైన గాలి నేల మీద పాకుతూ వస్తుందని కిటికీలన్నీ బిగించాడు. గుడ్డలు తడిపి తలుపు కింద సందులో కుక్కాడు. వద్దనాలని నాకు తట్టలేదు. తలో చెయ్యీ వేసి ఆడవాళ్లు కూడా వెంటిలేటర్లకు అట్టలు అడ్డం పెట్టారు. ఫ్యాను ఆ గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతోంది. మంచం మీద, నేల మీద, గడప మీద జనం. అందరూ పెట్టె వైపే చూస్తున్నారు.

అంకెలు పెరగడం మొదటగా చూసింది మా పాప. నా కొంగు పట్టుకుని లాగింది. నేను కళ్లతోనే ఊరుకోమన్నాను. కాసేపటికి పచ్చ లైటు పోయి పసుపు వెలిగింది. ఎవరో ఇంకో గుడ్డ తడిపి తలుపు దగ్గర పెట్టారు. అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. ఎర్ర లైటు వెలిగి పెట్టె కూత పెట్టేసరికి పిల్లలు ఏడుపు అందుకున్నారు. అంతమందిలో ఒక్కరూ తలుపు వైపు కదల్లేదు. కదలకూడని వైపు అదే కదా. బయట చావు కాచుక్కూర్చుందని మా అందరికీ ఒకేసారి తెలిసిపోయినట్టనిపించింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతని గొంతు నిదానంగానే ఉంది.

"ఇక్కడ అన్ని అంకెలూ మామూలుగానే ఉన్నాయి మేడం. గదిలో ఎంతమంది ఉన్నారు? తలుపులు మూశారా? అయితే అది మీ ఊపిరే అయ్యుంటుంది. మనం వదిలేదీ అదే వాయువు కదా."

"అయ్యుంటుందా? అవునా?"

"అయ్యుండాలి మేడం."

వెనక్కి తిరిగి చూశాను. అందరి కళ్లూ నా నోటి మీదే ఉన్నాయి. భయం లేదు, అది మన ఊపిరే, తలుపులు తీయండి అని నేనంటే తీసేవాళ్లు. ఇన్నేళ్లుగా నా మాట మీద లేచినవాళ్లు, ఇప్పుడూ లేచేవాళ్లు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బస్సు ముక్కు నాకు కనబడలేదు. అత్తగారి ఛాతీలోంచి పిల్లికూతలు వినబడుతున్నాయి, పాప ఆవిడ వీపు నిమురుతోంది. ఒక ప్రకటన కోసం పిల్లను ఇంట్లో ఉంచుకున్నాను అన్న మాట అప్పుడే మొదటిసారి నా బుర్రలోకి వచ్చింది. వచ్చి కూర్చుంది. ఇప్పటికీ పూర్తిగా లేచి వెళ్లలేదు.

సంచిలోంచి కొవ్వొత్తి తీశాను. గూట్లో అగ్గిపెట్టె ఉంది. బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"తలుపు తీస్తే లోపలికొచ్చేస్తుందమ్మాయ్."

"నేను బయటికి వెళ్లగానే మూసేయండి. గుడ్డలు మళ్లీ పెట్టేయండి," అన్నాను.

పాప వైపు చూడలేదు. చూస్తే వెళ్లలేనని తెలుసు.

నా వెనక తలుపు మూసుకుంది. ఎండకు కళ్లు జిగేలుమన్నాయి. గేటు పక్కన మురుగుకాలువ దగ్గర మా వీధి మొత్తానికీ పల్లమైన చోటు ఉంది. అక్కడ మోకాళ్ల మీద కూలబడ్డాను. మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగితే వత్తికి అంటించి, కొవ్వొత్తిని కాలువ అంచున నేలకు ఆనించి పట్టుకున్నాను. మంట వణకలేదు. గాలి లేదుగా, నిలువునా నిలబడింది. చాలాసేపు చూశాను. అలాంటి వాయువు మనిషికి హాని చేయడానికి దీపం ఆరేదాకా అక్కర్లేదనీ, కొవ్వొత్తిని నమ్ముకోకూడదనీ తర్వాత ఇంజనీరు మందలించాడు. నాకు అప్పుడు తెలిసిన పరీక్ష అదొక్కటే.

తలుపు తీయమని అరిచాను. అది బస్‌స్టాండు గొంతు కాదు, ఎవరిదో కీచుగొంతు. తలుపు తెరుచుకోలేదు. అప్పుడు మంచం పక్కన కిటికీ రెక్క ఒకటి కిర్రుమంటూ తెరుచుకుంది. చూద్దును గదా, కమ్మీలు పట్టుకుని మా అత్తగారు. ఆవిడే తోసేశారు. ఆ తర్వాత మిగతా కిటికీలు, తలుపు. కూత ఆగింది. ఎరుపు పోయి పసుపు వచ్చింది, పసుపు పోయి పచ్చ వచ్చింది.

"మన ఊపిరేనా?" అన్నాడు బాబాయ్, పెట్టెను చూస్తూ. ఎవరూ నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెప్పులు వెతుక్కుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి పొద్దు వాలింది. చేతులకు గ్రీజు అలాగే ఉంది. పాపను దగ్గరికి తీసుకోబోయి, చేతులు చూసుకుని ఆగిపోయాడు. గడప మీద కూర్చున్నాడు. మన ఇంట్లో ఎర్ర లైటు వెలిగిందని ఇంజనీరు చెప్పాడట. బావి దగ్గర అంతా సరిగానే ఉందని కూడా చెప్పాడట.

"స్విచ్చి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. ఆపలేదు," అన్నాడు.

"నేనూ పాపను పంపలేదు," అన్నాను.

అంతకుమించి ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. సబ్బు తెచ్చి ఆయన చేతుల మీద నీళ్లు పోశాను.

మళ్లీ సభ పెట్టారు. హాలు ఈసారి కిక్కిరిసింది. కిటికీలన్నీ ఎవరో ముందే తెరిచి పెట్టారు. మేనేజరు నా చేతిలో ఓ చీటీ పెట్టాడు. గాలిపెట్టెలో సాంకేతిక లోపం వచ్చిందనీ, కొత్తది బిగిస్తామనీ చదవమన్నాడు. లోపం లేదు కదా అన్నాను. ఊపిరి అంటే జనాన్ని వెక్కిరించినట్టుంటుంది, లోపమంటే అందరి గౌరవమూ నిలబడుతుంది అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తొందరగా ఒడ్డున పడాలని ఆయన ఆత్రం. ఈ చీటీ చదివితే నా ఉద్యోగం ఉంటుంది, చదవకపోతే ఉండకపోవచ్చు. బస్‌స్టాండులో నా కుర్చీ ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశారు.

మైకు ముందు నిలబడ్డాక చీటీ మడిచేశాను.

"పెట్టెలో లోపం లేదు. అది నిజమే చెప్పింది. భయంతో మనం తలుపులు మూశాం, మన ఊపిరే గదిలో నిండింది. కానీ తలుపు తీసేదాకా ఆ సంగతి నాకు తెలియదు. ఫోన్లో చెప్పినాయనకీ పూర్తిగా తెలియదు. నేల లోపలి రాయిని నేను చూడలేదు, చూసినవాళ్లు చెప్పింది మీకు చెప్పాను. ఇక నుంచి చూసింది చూశానని, విన్నది విన్నానని చెబుతాను."

మేనేజరు నేల చూపులు చూస్తున్నాడు. వెనకవరసలోంచి పంపుల బాబాయ్ లేచాడు.

"వచ్చే వారం ఇంకా ఎక్కువ నెడతారట కదా. అప్పుడు మీ పాప ఇక్కడే ఉంటుందా, అది చెప్పు."

తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన వైపు చూశాను. ఆయన నాకేసి చూస్తున్నాడు, ఏ సైగా చేయకుండా.

"ఉండదు," అన్నాను. "వాళ్ల మేనత్త దగ్గరికి పంపుతున్నాను. నేను మాత్రం ఇక్కడే ఉంటాను."

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. నా ఉద్యోగం, ఆ బావి, మేనేజరు పెట్టుకున్న ఆశలు, అన్నీ.

"అయితే నా మనవరాళ్లనీ అదే బస్సెక్కించమ్మా," అన్నాడు బాబాయ్. "నేనుంటాను. మీ ఇంట్లో కాదులే. నా ఇంట్లో, కిటికీలు తీసుకుని."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస నుంచి వరసకి పాకింది. పనిలో పనిగా పల్లపు వీధి పిల్లలందరినీ చుట్టాల ఊళ్లకు చేర్చడానికి ఫ్యాక్టరీయే బస్సు పెట్టాలనీ, ప్రతి వీధిలో ఒక పెట్టె ఆరుబయట కూడా బిగించాలనీ, బావి దగ్గరి అంకెలు రోజూ బడి గోడ మీద రాయాలనీ అడిగారు. ఇంజనీరు అన్నిటికీ సరేనన్నాడు. మేనేజరు ఆ తర్వాత నాతో ముభావంగానే ఉన్నాడు గానీ, పనిలోంచి తీయలేదు.

బస్సు వచ్చే రోజు పొద్దున పిల్లలూ తల్లులూ సంచులతో వీధి మలుపులో చేరారు. ఎప్పుడొస్తుంది మైకమ్మా అని ఒకటే గోల. ఇంకా కనబడలేదన్నాను. డ్రైవరు దగ్గరికొచ్చేశానని ఫోన్ చేశాడు, అయినా చెప్పలేదు. మలుపులో దాని ముక్కు కనబడ్డాక గొంతెత్తి పిలిచాను. మైకు లేకపోయినా అందరూ లేచారు. కిటికీలోంచి మా పాప, నువ్వూ వచ్చేయొచ్చు కదమ్మా అంది. నానమ్మను ఎవరు చూసుకుంటారన్నాను. అది తల ఊపింది గానీ, బస్సు మలుపు తిరిగేదాకా నన్నే చూస్తూ ఉంది.

ఇంట్లోకి వచ్చేసరికి మైదానం వైపు హోరు మొదలైంది. యంత్రం దగ్గర మా ఆయన ఉన్నాడు. అత్తగారు కిటికీలన్నీ బార్లా తీసుకుని మంచం మీద కూర్చున్నారు. లోపలికి వడగాలి కొడుతోంది. వెళ్లి పెట్టె ముందు నేల మీద చతికిలబడ్డాను.

"ఏమంటోందే పెట్టె?" అన్నారు.

"పచ్చే అత్తయ్యా."

"చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా?"

"చూసే."

"అయితే నువ్వు కాస్త ఊపిరి పీల్చుకోవే," అన్నారావిడ. అప్పుడు పీల్చుకున్నాను.